ఆగిన చోట కేక

1957 అక్టోబరు 6, ఆదివారం

ఇందుమూలముగా యావన్మంది ప్రజలకు తెలియజేయునది ఏమనగా: హ్యూస్టన్ నగరం, ఐదో వార్డు, లయన్స్ అవెన్యూకి అటూ ఇటూ ఉన్న, నాణెం వేస్తే పాడే పాటల పెట్టెలన్నిటికీ సంరక్షకుడూ, వాటిలో రికార్డులు మార్చు ఏకైక అధికారీ, ఆరో తరగతి దాకా చదివి ఏడో తరగతిని దయతలచి వదిలిపెట్టిన వాడూ అయిన ఆంబ్రోస్ గిడ్రీ అను నేను, మాటల్లేని రికార్డులకు ఈ వారం స్థానాలు ప్రకటించుచున్నాను. దీనిమీద అప్పీలు లేదు.

తృతీయ స్థానం 'పందికాళ్ల కూర'. ఆర్గన్ వాయించినవాడు మేడమెట్ల మీంచి జారిపడుతూ కూడా తాళం తప్పలేదు. ద్వితీయ స్థానం 'వెనక గుమ్మం'. అంతా గిటారు. మొగుడు ముందు గుమ్మంలోంచి వస్తున్నప్పుడు వినదగినది. ప్రథమ స్థానం 'అడుగంటిన అన్నం'. శాక్సోఫోన్ నోబుల్, డ్రమ్ములు నా చెల్లెలి మొగుడు క్లోవిస్ లెడూ. ఒక పాటగత్తె కోసం రికార్డింగు గది అద్దెకి తీసుకుంటే ఆమె పాట తొందరగా అయిపోయింది. మిగిలిన టైము దండగ ఎందుకని రికార్డు రెండో వైపుకి ఇది వాయించేశారు. పేరు ఏం పెట్టాలో తోచక, ఆ మధ్యాహ్నం నా చెల్లెలు పంపిన క్యారేజీ మూత తీసి చూశారు. ఆ పేరే పెట్టారు. పాటగత్తె పేరు ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు.

ప్రోత్సాహక బహుమతి రష్యావాళ్లు మొన్న ఆకాశంలోకి విసిరిన గుండుకి. రేడియోలో వేశారు. బీప్, బీప్. దానికీ మాటల్లేవు. మంచి డ్రమ్మరు దొరికితే పైకొస్తుంది.

మాటలున్న పాట వాళ్ల గోడు వాళ్లది. మాటల్లేని దాంట్లో ఎవడి గోడు వాడు పోసుకోవచ్చు. అందుకే అవి ముందు అరుగుతాయి. పెట్టె తెరిచి చూస్తే నాకు తెలుస్తుంది. సూది తిరిగి తిరిగి నలుపు పోయి, బూడిద పూసినట్టు ఉంటాయి.

'అడుగంటిన అన్నం'లో సగం దాటాక అందరూ ఒక్కసారిగా ఆగిపోతారు. ఊపిరి పట్టినంతసేపు ఏమీ ఉండదు. ఆ ఖాళీలో ఒక కేక: "డకీ". వెంటనే క్లోవిస్ తలుపు బద్దలు కొట్టుకొచ్చినట్టు డ్రమ్ముల మీద పడతాడు.

ఆ కేక వేసిన గొంతు ఈ కింద సంతకం చేసినవాడిది. బయట చెప్పను. ఈ పుస్తకానికి మాత్రమే చెబుతున్నాను.

ఆంబ్రోస్ గిడ్రీ

అక్టోబరు 8, మంగళవారం

లజార్ మంగలి షాపులో ఇవాళ జరిగినది చరిత్ర.

కుర్చీలో ఒకాయన గడ్డం నిండా నురగతో ఉన్నాడు. పెట్టెలో 'అన్నం' తిరుగుతోంది. సంగీతం ఆగింది. లజార్ కత్తి ఎత్తి పట్టుకుని అడిగాడు.

"ఒరే ఆంబ్రోస్, అక్కడ ఎవడో ఏదో అంటున్నాడేంట్రా?"

"చెవుల్లో వెంట్రుకలు నీకెవరూ తియ్యరా? మళ్లీ పెట్టి విను. 'డకీ' అంటున్నాడు."

మళ్లీ పెట్టాడు. ఆగిన చోట అందరూ మెడలు చాచారు. నురగాయన పగలబడి నవ్వాడు. గడ్డం సగం తెగేదే.

"నిజమేరా. డకీ అనే. నోటికి అడ్డం ఉండక్కర్లేదా?"

"అడ్డం ఉంటే రికార్డు ఎందుకవుతుంది?" అన్నాను.

డకీ అంటే బాతు. హోసియా పెట్వేకి బళ్లో మేం పెట్టిన పేరు. నడుస్తుంటే వెనక భాగం ముందు భాగంతో పోట్లాడుతూ వస్తుంది. అదంతా చిన్నప్పుడు. ఇప్పుడు వార్డులో పెద్ద డాన్సు హాలు అతనిది. ఏ బ్యాండు శనివారం అన్నం తినాలో, ఏది పస్తుండాలో అతను చెప్పాలి. ఇప్పుడు అందరికీ పెట్వే గారు. పాత పేరు పలికినవాడు ఈ ఇరుగుపొరుగున లేడు.

ఇవాళ దాకా.

అక్టోబరు 9

వెళ్లిన ప్రతిచోటా సంగీతం ఆగగానే కాఫీ తాగేవాళ్లంతా ఒక్క గొంతుతో "డకీ" అంటున్నారు. మా చర్చి ఫాదరు కూడా ఇంతమంది చేత ఒక్క మాట పలికించలేదు.

అక్టోబరు 11, శుక్రవారం

పెట్వే విన్నాడు.

ఒడీల్ అమ్మగారి కాఫీ హోటల్లో చేపల వేపుడు కోసం ఆగాడట. అతను గుమ్మంలో కాలు పెట్టడం, సంగీతం ఆగడం ఒక్కసారే జరిగాయి. వెనక బల్లమీద వాళ్లు చూసుకోలేదు, అరిచేశారు. తర్వాత చూసుకున్నారు. పెట్వే కోప్పడలేదట. కూర్చున్నాడట. ఆ రికార్డు మళ్లీ పెట్టించుకుని, టోపీ మోకాలిమీద పెట్టుకుని విన్నాడట. చేప ముట్టలేదట.

"డ్రమ్ముల పక్కనుంచి వస్తోంది ఆ గొంతు" అన్నాడట చివరికి.

క్లోవిస్ పోయిన వేసవిలో పెట్వే హాలు బ్యాండు మానేసి నోబుల్‌తో చేరాడు. ఆ కడుపుమంట అతనికి ఉండనే ఉంది.

పెట్వే దగ్గర సిమ్స్ అని ఒకడున్నాడు. కారు నడుపుతాడు, ఇంకా పనులు చేస్తాడు. వాడు గడ్డం గీయించుకుంటూ లజార్‌తో అన్నాడట: "మా అయ్యగారు ఏమీ అనలేదు. కారు తలుపు బరువెంతుందో చూడమన్నారు, అంతే. డ్రమ్ములు వాయించేవాడికి వేళ్లుంటాయి కదా."

లజార్ ఇది చెబుతుంటే నేను నవ్వాను. అలవాటు.

చెప్పేస్తాను. ఆ గొంతు నాదని రేపు వెళ్లి చెప్పేస్తాను.

అక్టోబరు 12

శనివారం హాల్లో జనం ఎక్కువ. మాట్లాడ్డానికి వీలుండదు.

అక్టోబరు 14, సోమవారం

తెలివైన పని చేశాను. పెట్టెలన్నీ తిరిగి 'అన్నం' తీసేశాను. పాము లేకపోతే కర్రతో పనేముంది?

మధ్యాహ్నానికల్లా ఒడీల్ అమ్మగారు వీధిలో పట్టుకుంది. చేతిలో అట్లకాడ.

"ఏం ఆంబ్రోస్, నా పెట్టెలో అన్నం ఏదీ?"

"అరిగిపోయిందమ్మా."

"మొన్ననే కదా కొత్తది పెట్టావు. అబద్ధాలకైనా ఇస్త్రీ చేసుకు రావద్దూ? ఆ బాతు పాట లేకపోతే నా కాఫీ ఎవడు తాగుతాడు? నీళ్లలా ఉంటుందని నాకూ తెలుసు."

లజార్ షాపులోనూ ఇదే గొడవ. అందరూ మా కంపెనీ ఆయనకి ఫోన్లు చేశారు. ఆయన నాకు చేశాడు. సాయంత్రానికి అన్నిట్లో మళ్లీ పెట్టాను. కొత్తవి. ఇప్పుడు ఆ కేక ఇంకా శుభ్రంగా వినిపిస్తోంది.

నోబుల్ శాక్సోఫోన్ సర్దుకుని బోమాంట్ వెళ్లిపోయాడు, వాళ్లమ్మకి ఒంట్లో బాగాలేదట. వాళ్లమ్మ పోయి నాలుగేళ్లయింది.

అక్టోబరు 16, బుధవారం

ఇంకో తెలివైన పని. చెప్పినదే జనానికి వినిపించినప్పుడు, ఇంకోటి చెబితే ఇంకోటి వినిపించాలి కదా.

లజార్‌తో అన్నాను: "నేను సరిగ్గా వినలేదురా. అది డకీ కాదు, టర్కీ. పండక్కి కోసే కోడి."

"అలాగా" అన్నాడు లజార్. పెట్టాడు. విన్నాడు. "ఔన్రా, టర్కీయే" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంతలో కుర్చీలో మనిషి అందుకున్నాడు: "టర్కీ కూడా అలాగే నడుస్తుంది కదా. పెట్వేకి బాతు చాలదని ఇంకో పక్షిని కలిపారా?" మళ్లీ మొదలు.

చర్చి ఆడవాళ్ల దగ్గర 'విస్కీ' అని చెప్పాను. వాళ్లకి అక్షరాలా విస్కీయే వినిపించింది. విస్కీ తాగి డకీని తిడుతున్నారని తేల్చారు. ఫాదరుతో చెప్పి రికార్డు ఆపిస్తారట. ఆపిస్తే బాగుణ్ణు. ఆయన కూడా విని చూద్దామన్నాడట. విన్నాక దగ్గు వచ్చి లోపలికి వెళ్లిపోయాడట.

అక్టోబరు 17, గురువారం

కబురొచ్చింది. ఆదివారం చర్చి అయ్యాక క్లోవిస్ హాలుకి రావాలి. సిమ్స్ మెట్టు ఎక్కకుండానే చెప్పి వెళ్లాడు. వెళ్తూ మా ఇనపగేటు తెరిచి, మెల్లిగా మూసి, ఆ చప్పుడు విని వెళ్లాడు.

నేను ఉండేది చెల్లెలి ఇంట్లోనే, వెనక గదిలో. బెకీ లాండ్రీ చొక్కాలు ఇంటికి తెచ్చుకుని ఇస్త్రీ చేస్తుంది. కబురు విన్నాక కూడా చేస్తూనే ఉంది. కాలర్లు రెండుసార్లు చేసింది.

"అన్నయ్యా, బళ్లో పెట్వే నీ పక్కనే కూచునేవాడు కదా. ఊళ్లో అందరితోనూ అంతేసి మాట్లాడతావు. అతనితో ఒక్కమాట చెప్పలేవూ?"

"చూస్తాను."

"మా ఆయన అలా అరవలేదని చెప్పు. ఈయన అరవడమేంటి అసలు? పెళ్లయినప్పట్నుంచీ నన్ను పేరు పెట్టి పిలిచింది లేదు. ఏదైనా కావాలంటే చెంచాతో గ్లాసుమీద కొడతాడు. ఒకసారి కొడితే నీళ్లు, రెండుసార్లు కొడితే ఉప్పు. అలాంటి మనిషి పెట్వేని పిలుస్తాడా?"

క్లోవిస్ వరండాలో డ్రమ్ముల స్టూలు బోర్లించి, అది తిరిగే మరకి నూనె వేస్తున్నాడు. వెళ్లి పక్కన నిలబడ్డాను.

"బావా, ఆ గొంతు నాదని చెప్పేస్తాను."

నూనె డబ్బా కింద పెట్టి తల ఎత్తాడు.

"నీదా?" అన్నాడు.

అంతే. మళ్లీ నూనె వెయ్యడం మొదలుపెట్టాడు. కృతజ్ఞత లేని మనిషి.

అక్టోబరు 19, శనివారం

అన్నం దగ్గర క్లోవిస్ కుడిచేత్తో తింటూ ఎడమచేత్తో బల్లమీద మెల్లిగా వాయిస్తున్నాడు. తనకి తెలియదు అలా చేస్తున్నట్టు. చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరంవేలు. బెకీ చూసింది. నేనూ చూశాను. చూడకుండా ఉండాల్సింది.

రేపు చెప్పేస్తాను. ఈ మాట వెనకపేజీలో కూడా ఉంది.

అక్టోబరు 20, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

హాల్లో చర్చి బట్టల్లో జనం. ఆదివారం అక్కడ గంబో అని రొయ్యల పులుసు వండుతారు, కుటుంబాలతో వస్తారు. మేం ముగ్గురం లోపలికి వెళ్లగానే చెంచాలు ఆగిపోయాయి. బయట సిమ్స్ కారు వెనక తలుపు బార్లా తెరిచి, దానికి చేరగిలబడి నిలబడ్డాడు. కిటికీలోంచి కనబడుతోంది. కనబడాలనే అక్కడ పెట్టారు.

పెట్వే పాటల పెట్టె పక్కన కూర్చున్నాడు. బూడిదరంగు సూటు. లేవలేదు. లేస్తే నడవాలి.

"రా క్లోవిస్. నీకు నేనేమన్నా అన్యాయం చేశానా?"

"లేదండీ."

"మా హాలు మానేస్తానంటే ఆపానా?"

"లేదండీ."

"మరి దేశం మీదికి పంపే రికార్డులో నన్ను అలా ఎందుకు పిలిచావు?"

క్లోవిస్ కాసేపు ఆలోచించాడు. మాట వెతుక్కుంటున్నాడనుకున్నాను. చివరికి అన్నాడు:

"స్టూలండీ."

ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత ఇంకొకరు. పెట్వే మెడ నల్లగా కందింది.

"స్టూలా? స్టూలు నన్ను పేరు పెట్టి పిలిచిందా? నీ స్టూలుకి నేనెప్పుడు బాకీ పడ్డాను?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. అదే భయంగా ఉంది. పెట్వే కిటికీ వైపు తల తిప్పాడు. సిమ్స్ కారుకి చేరగిలబడ్డవాడు నిటారుగా నిలబడ్డాడు. క్లోవిస్ చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. అతను జేబుల్లో చేతులు పెట్టుకోగా నేనెప్పుడూ చూడలేదు.

నేను ముందుకొచ్చాను. "పెట్వే గారూ, ఆ గొంతు నాది" అనాలి. ఆ వాక్యం ఇన్నిరోజులుగా నమిలి మెత్తగా చేసి ఉంచుకున్నాను. నోరు తెరిచాను. కిటికీలోంచి కారు తలుపు కనబడింది. నా నోట్లోంచి వచ్చింది ఇది:

"పెట్వే గారూ, మావాడికి సిగ్గు. అందుకే స్టూలు అంటున్నాడు. అక్కడ పిలిచింది పెళ్లాన్ని. బెకీ అన్నాడు."

నేను అనుకున్నది కాదు. ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు. క్లోవిస్ నావైపు తిరిగాడు. బెకీ తిరగలేదు. ఆమె క్లోవిస్‌ని చూస్తోంది.

పెట్వే చాలాసేపు నా మొహం చదివాడు. బళ్లో నేను అతని పలక దాచేసినప్పుడు ఇలాగే చూసేవాడు. తర్వాత పెట్టెలో నాణెం వేశాడు.

'అడుగంటిన అన్నం' మొదలైంది. అంత పొడుగు రికార్డు అని నాకు ఇదివరకు తెలియదు. నోబుల్ శాక్సోఫోన్ పిలుస్తూ పిలుస్తూ పైకి వెళ్లింది. ఒక్క పిల్లవాడు కూడా కదల్లేదు. సంగీతం ఆగింది.

ఆ ఖాళీలో అది వచ్చింది.

డ్రమ్ములు విరుచుకుపడ్డాయి. ఆ హోరులో బెకీ గొంతు నెమ్మదిగా వినబడింది.

"నన్నే."

చేతిసంచీ గుండెలకి హత్తుకుంది. "అన్నయ్యా, నన్నే పిలిచాడు."

పెట్వే ఇంకో నాణెం వేశాడు. ఈసారి కళ్లు మూసుకుని, మనిషి మొత్తం వంగి, చెవి పెట్టెకి ఆనించాడు. అతని పెదవులు కదలడం నేను చూశాను. ఆగిన చోట అతనూ లోలోపల ఏదో అనుకున్నాడు. ఏమనుకున్నాడో, ఏమని వినబడాలని కోరుకున్నాడో, ఆ వంగిన వీపు చూస్తే తెలిసింది. ఇన్నేళ్లకి మొదటిసారి నాకు ఆ మనిషి మీద నవ్వు రాలేదు.

తల ఎత్తాడు.

"బెకీ" అన్నాడు. హాలంతా కలయజూశాడు. "ఇక్కడ ఎవరికైనా ఇంకోలా వినబడిందా?"

ఎవరికీ వినబడలేదు. ఒడీల్ అమ్మగారు "బెకీయే కదా మొదట్నుంచీ" అంది. లజార్ గట్టిగా తలూపాడు. మంగలివాడు అంత గట్టిగా తలూపకూడదు.

పెట్వే లేచాడు. అందరి ముందూ, తన నడకతో, నా దాకా నడిచి వచ్చాడు. ఎవరూ కళ్లు దించలేదు, ఎవరూ నవ్వలేదు.

"సొంత చెల్లెలి పేరు ఇన్నాళ్లూ నీకు వినబడలేదా ఆంబ్రోస్?"

"చెవుల్లో వెంట్రుకలండీ" అన్నాను.

"తీయించుకో" అన్నాడు.

అప్పుడు బయట కారు తలుపు ధడేలున మూసుకుంది. హాలంతా ఉలిక్కిపడింది. తలుపు సందులో ఎవరి వేళ్లూ లేవు. సిమ్స్ గంబో తిందామని లోపలికి వస్తున్నాడు.

అక్టోబరు 21

ఇవాళ రికార్డులు మార్చడం సాగలేదు. చేతులు జారి రెండు పగలగొట్టాను. రెండూ మాటలున్నవే.

అక్టోబరు 27, ఆదివారం

పెట్వే నిన్నటి శనివారం క్లోవిస్‌కి ఇచ్చాడు. నోబుల్ వాళ్లమ్మకి నయమైంది, బోమాంట్ నుంచి వచ్చేశాడు. జనం గోడల దాకా ఉన్నారు. వాళ్లు వచ్చింది ఒకే ఒక్క దానికి.

'అన్నం' ఎత్తుకున్నారు. ఆగాల్సిన చోట ఆగారు. ఏమీ రాలేదు.

క్లోవిస్ తన స్టూలు వైపు చూసుకున్నాడు. అటూ ఇటూ కదిలాడు. నూనె బాగా పట్టింది. జనం నోళ్లు తెరుచుకుని ఎదురుచూస్తున్నారు. ఖాళీ సాగిపోతోంది. ఏ డ్రమ్మరూ అంత ఖాళీ భరించలేడు. క్లోవిస్ మొహంలో చెమట. కర్రలు గాల్లో. 

"బెకీ" అన్నాడు.

అరవలేదు. పక్కింట్లో పప్పు అడిగినట్టు అన్నాడు. అయినా ఆఖరి గోడ దాకా వినబడింది. తర్వాత డ్రమ్ముల మీద పడ్డాడు, హాలు లేచి గంతులేసింది. ఆ గోలలో వెనక బల్ల దగ్గర నా చెల్లెలు చెంచా తీసుకుని గ్లాసుమీద ఒకసారి కొట్టింది. అతనికి వినబడే దారి లేదు. కానీ తల ఎత్తాడు.

ఇకనుంచి ప్రతి శనివారం అతను అలా పిలవాలి. జనం వదలరు.

ఇక ఒక్క సంగతి ఉంది. రాసేస్తాను.

మొదటిపేజీలో సంతకం పెట్టి మరీ రాసింది ఉత్తది. ఆ గొంతు నాది కాదు. ఆ రోజు నేను గదిలోనే లేను. చప్పట్లు కొట్టడానికి నన్ను పిలిచారు. తాళం తప్పుతున్నానని నోబుల్ నన్ను ఐసు తెమ్మని పంపాడు. నేను వచ్చేసరికి రికార్డింగు జరుగుతోందని తలుపు మీద ఎర్రదీపం వెలుగుతోంది. ఆరేదాకా బయట మెట్టుమీద కూర్చున్నాను. ఐసు ఒళ్లోనే కరిగింది. లోపల్నుంచి గోడ గుండా డ్రమ్ముల అదురు తప్ప ఏమీ వినబడలేదు. ఆగిన చోట ఉన్నది డకీ కాదు, టర్కీ కాదు, బెకీ కాదు. కీచుమన్నది స్టూలు. క్లోవిస్ ఒక్కడే నిజం చెప్పాడు, దానికి అందరం నవ్వాం. ఎవరూ చదవని పుస్తకంలో ఎవరిని మభ్యపెడదామని అలా రాసుకున్నానో నాకే తెలియదు.

ఇందాక ఆ రికార్డు పెట్టాను. పక్కగదిలో ఇస్త్రీ పెట్టె చప్పుడు ఆగింది. బెకీ తన పేరు కోసం ఆగి వింటోంది. నేనూ తల వంచి విన్నాను.

నా గొంతే.